త్రోవలో నిలిచిన ప్రభువు

(మార్కు 5:21–43 చదువుడి)

మెల్లగా నడచుట మంచిదా, లేక అది పనిలేనివారి మాటయా? ఈ విషయమై మన సంఘములలో పెద్దలకును యౌవనస్థులకును అప్పుడప్పుడు వాదము కలుగుచున్నది. మోటారు సైకిలుగల కుమారుడు ఐదు నిమిషములలో గుడికి చేరును. తల్లి చేతికర్రతో వెనుక ఒంటరిగా వచ్చును. ఇద్దరును ఆరాధనకే వచ్చుచున్నారు గదా, తప్పేమున్నది?

హైదరాబాదులోని బేగంబజారును మనలో అనేకులెరుగుదురు. పెండ్లి సామాను, గిన్నెలు, అంగడికి కావలసిన సరుకులు టోకున కొనుటకు పల్లెలనుండి అక్కడికి పోవుచుందుము. రెండవ నిజాముగారి బేగము వర్తకులకిచ్చిన భూమిలో ఆ బజారు వెలసెనని చెప్పుదురు. ఇరుకు వీధులు. ఒక ప్రక్క తోపుడుబండ్లు, ఒక ప్రక్క ఆటోలు, నడుమ బస్తా మోయు హమాలీ జరుగుమని కేకవేయుచు వచ్చును. ఒకని భుజము ఒకనికి తగులుచునే యుండును గాని, ఎవడును ఎవని ముఖము చూడడు. వీపుమీద బస్తాయున్న ఆ మనుష్యునితో, అన్నా, మెల్లగా నడువుము, నడకలోని ఆనందము అనుభవింపుము అని మనము చెప్పగలమా? చెప్పినయెడల అతడు నవ్వును, ఆ నవ్వు న్యాయమే. బరువు దించువరకు అతనికి విశ్రాంతి లేదు. నిదానమును గూర్చి బోధింపగోరువారు ముందుగా ఆ వీధిని తలంచుకొనవలెను.

అట్టి ఇరుకులోనే మన ప్రభువు నడచెను. యాయీరు కుమార్తె, పండ్రెండేండ్లది, చావనైయుండెను. త్వరపడుటకు అంతకంటె తగిన కారణమేమి కావలెను? జనులు మీదపడుచుండగా, పండ్రెండేండ్లనుండి రోగముతో బాధపడిన స్త్రీ వెనుకనుండి ఆయన వస్త్రము ముట్టెను. వెంటనే బాగుపడెను. ఆయన నిలువక సాగిపోయినను ఆమె స్వస్థత పోయెడిది కాదు. అయినను ఆయన నిలిచెను. ముట్టినదెవరని అడిగెను. ఆమె తన సంగతియంతయు చెప్పువరకు వినెను, కుమార్తెయని పిలిచెను.

ఆ సమయమున యాయీరు మనస్సులో ఏమి జరిగెనో మార్కు వ్రాయలేదు. బిడ్డలుగల తండ్రికి అది వ్రాయనక్కరలేదు. ప్రభువు ఇంకను మాటలాడుచుండగానే చిన్నది చనిపోయెనను కబురు వచ్చెను. కాబట్టి ఆలస్యమునకు వెల లేదని మనము చెప్పజాలము. ఒకరికొరకు నిలిచినప్పుడు వేరొకరు కనిపెట్టవలసివచ్చును. చిన్నది తరువాత లేచినమాట నిజమే. గాని ఆ కబురు విన్నచోటినుండి ఇంటి గుమ్మమువరకు గల దారిని ఆ తండ్రి నడువవలసియుండెను. ప్రభువు అతనిని ఒంటరిగా పంపలేదు. భయపడవద్దని చెప్పి తానే ప్రక్కన నడచెను.

నిదానమనగా కాళ్లీడ్చుట కాదు. మరియ త్వరపడి కొండసీమకు వెళ్లెను. ఎమ్మాయునుండి ఆ ఇద్దరు ఆ గడియలోనే లేచి యెరూషలేమునకు తిరిగివచ్చిరి. ఎవరి అడుగునుబట్టి మన అడుగు పడుచున్నది అన్నదే ప్రశ్న. యాకోబు ఏశావును ముందు పొమ్మని, పసిపిల్లలును పాలిచ్చు మందయు నడువగలిగినంత మెల్లగా వచ్చెదననెను (ఆది. 33). అన్నయెడల భయమును ఆ మాటలో కలిసియుండవచ్చును, యాకోబు అట్టివాడే. అయినను వడిగా తోలిన మంద ఒక్కదినములో చచ్చునని కాపరియైనవానికి తెలియును. ఆ కుమారుడు వానదినమున తల్లిని బండిమీద ఎక్కించుకొనిన అదియు ఆమె అడుగునుబట్టి నడచుటయే. ఆమె ఎక్కజాలనిదైతే, ఆదివారము ఇరువది నిమిషములు ముందు బయలుదేరుట కష్టమా?

బేగంబజారునకు దాపున, అఫ్జల్‌గంజులోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున ఒక చింతచెట్టున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది దానినెక్కి ప్రాణము దక్కించుకొనిరి. రోగితో పరుగెత్తువారు దానిని చూడలేదని మేము తప్పుపట్టము. సరుకు కొని, తిరుగు బస్సుకు ఇంకను గంటయున్నవారు బిడ్డలను చేయిపట్టుకొని దానియొద్దకు పోవచ్చును.

సాయంకాలము బండిబాటను ఇద్దరు కలిసి నడచుటలో ఒక మేలున్నది. ప్రక్కప్రక్కన నడచువారు ముఖము చూచుకొనరు గనుక, ఇంటిలో నోటరాని మాట అక్కడ వచ్చును. అప్పు సంగతి, అల్లుని త్రాగుడు, విశ్వాసములో పుట్టిన సందేహము. ఎమ్మాయు త్రోవలో ప్రభువు సైతము మొదట మీరేమి మాటలాడుకొనుచున్నారని అడిగి, వారి దుఃఖమంతయు వినెను. అది ఆమడదూరపు నడక. మన ఊళ్లలో నట్టి మాట బయటికి వచ్చుటకు సామాన్యముగా చెరువుకట్ట దాటవలెను.