సూర్యుణ్ణి వెలిగించినదెవరు?

1692 డిసెంబరులో కేంబ్రిడ్జి నుంచి ఐజాక్ న్యూటన్ ఒక ఉత్తరం రాశాడు. అందుకున్నవాడు రిచర్డ్ బెంట్లీ, ముప్పై ఏళ్ల క్రైస్తవ మతాచార్యుడు. సృష్టి క్రమాన్ని చూపించి దేవుడున్నాడని ఉపన్యాసాలిచ్చిన బెంట్లీ, వాటిని అచ్చువేయించే ముందు తన సందేహాలు న్యూటన్ ముందుంచాడు. అనంతమైన ఆకాశంలో పదార్థం సమంగా పరుచుకుని ఉంటే ఏమవుతుంది? ఆకర్షణ వల్ల కొంత ఇక్కడ, కొంత అక్కడ ముద్దలుగా చేరుతుందన్నాడు న్యూటన్. మరి ఆ ముద్దల్లో ఒకటి వెలిగే సూర్యుడు, మిగిలినవి వెలుగులేని గ్రహాలు ఎందుకయ్యాయి? అది ప్రకృతి ఒక్కటే చేయగల పని కాదనీ, సంకల్పమున్న కర్త చేసినదనీ ఆయన నమ్మాడు. కుండ ఉంటే కుమ్మరి ఉండాలన్న మన నైయాయికుల వాదానికి ఇది దగ్గరి చుట్టం.

ఆ నమ్మకాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. తన సూత్రం ఎంతవరకు నడిపించిందో అంతవరకు నడిచి, దారి తెలియని చోట న్యూటన్ ఆగాడు. అక్కడికి కావలసిన ఉష్ణశాస్త్రం పుట్టడానికి మరో నూటయాభై ఏళ్లు పట్టింది.

గ్లాసులో పాలు వేడిని పోగొట్టుకుంటే చల్లారతాయి. సొంత ఆకర్షణతోనే కలిసి ఉన్న వాయుమేఘం అలా కాదు. వేడి బయటికి పోయినకొద్దీ అది కుంచించుకుంటుంది, కుంచించుకున్నకొద్దీ మరింత వేడెక్కుతుంది. గాలి రాపిడికి శక్తిని కోల్పోయి కిందికి జారే ఉపగ్రహం వేగం కూడా ఇలాగే పెరుగుతుంది. మేఘం నడిబొడ్డున వేడి సుమారు కోటి డిగ్రీలకు చేరితే హైడ్రోజన్ కలయిక గట్టిగా మొదలవుతుంది. ముద్ద బరువు సూర్యుడి బరువులో 8 శాతం కన్నా తక్కువైతే, ఎలక్ట్రాన్ల ఒత్తిడి ముందే అడ్డుపడి ఆ కుంచించుకోవడాన్ని ఆపేస్తుంది. గురుగ్రహం సూర్యుడిలో వెయ్యో వంతే. అందుకే అది దీపం కాలేకపోయింది.

నక్షత్రగుచ్ఛాల్లోనూ ఇదే కథ. అక్కడ అణువుల పాత్ర నక్షత్రాలది, ఉష్ణోగ్రత అంటే వాటి వేగం. నడిభాగం శక్తిని బయటికిచ్చి కుంచించుకుంటుంది, మరింత వేగం పుంజుకుని ఇంకా ఇస్తుంది. 1962లో ఆంటొనోవ్, 1968లో లిండెన్-బెల్, వుడ్ లెక్కగట్టి చూపిన ఈ పతనం ఎం15 గుచ్ఛంలో జరిగిపోయిందని ఖగోళశాస్త్రజ్ఞుల అభిప్రాయం. గురుత్వం ప్రతి కణాన్నీ ప్రతి కణంతో ముడిపెడుతుంది కనుక వ్యవస్థను ముక్కలు చేసి లెక్కించే మామూలు పద్ధతి ఇక్కడ చెల్లదని, తిరువనంతపురంలో పుట్టిన భౌతికశాస్త్రజ్ఞుడు థాను పద్మనాభన్ 1990 నాటి సమీక్షా వ్యాసంలో విడమరిచి చెప్పాడు.

విశ్వం చివరికి సమమైన గోరువెచ్చదనంలో ఆరిపోతుందని పంతొమ్మిదో శతాబ్దం భయపడింది. గురుత్వాన్ని లెక్కలోకి తీసుకుంటే సమంగా పరుచుకోవడం ముగింపులా కాదు, మొదలులా కనిపిస్తుంది. తొలినాటి వెలుగులో హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతేనని 1992లో కోబె ఉపగ్రహం తేల్చింది. గురుత్వం దృష్టిలో అంతటి సమత్వం అత్యంత అరుదైన స్థితి అని రోజర్ పెన్‌రోజ్ ఏళ్లుగా చెబుతున్నాడు.

కాబట్టి బెంట్లీ ప్రశ్న చావలేదు, సూర్యుడి దగ్గర నుంచి ఆరంభానికి జరిగింది. అక్కడ కర్తను నిలబెట్టే తొందర అక్కర్లేదు, ప్రశ్నను మూసేసే తొందరా అక్కర్లేదు. అనంతమైన పదార్థం కదలకుండా తూగి ఉండటం, లెక్కలేనన్ని సూదుల్ని మొనల మీద నిలబెట్టినంత కష్టమని 1693 జనవరిలో న్యూటనే బెంట్లీకి రాశాడు. అలాంటి సూదులు ఒరిగిపోబట్టే ఆకాశంలో నక్షత్రాలున్నాయి.