పటములోని రంగులు

కొట్టులోని సరుకునకు పట్టీ వ్రాయునపుడు బియ్యము బస్తా వేరు, పప్పు బస్తా వేరు. రెండును కలిసినచో సరుకు చెడినట్లే. మనుష్యులకును అట్టి పట్టీ వేయవచ్చునా? యూరపులోని బోస్నియాలో ఈ ప్రశ్న ప్రాణాంతకమైనది.

యుగోస్లావియాలో భాగముగా నుండిన ఆ దేశమున 1991 లెక్కల ప్రకారము జనము సుమారు 44 లక్షలు. నూటికి 43 మందికి పైగా ముస్లిములు, 31 మంది సెర్బులు, 17 మంది క్రొయేట్లు. అయిదుగురికి పైగా తాము యుగోస్లావులమని మాత్రమే వ్రాయించుకొనిరి. ఈ లెక్కలతో పటములు గీసిరి. ఏ ఊరిలో ఎవరు హెచ్చో ఆ ఊరికి వారి రంగు. నూటికి 45 మందే యున్నను ఊరంతయు వారి రంగే; తక్కిన 55 మంది పటమున కానరారు. ఒక జాతి పురుషుడు, మరియొక జాతి స్త్రీ కాపురమున్న ఇంటికి ఏ రంగు వేయవలెను?

పటము గీసినవాడు దొంగలెక్క వ్రాయలేదు. అయినను లెక్కపుస్తకము వేరు, భూమి దస్తావేజు వేరు. మొదటిదానిని రెండవదానిగా చెల్లించుకొనుటలోనే దోషము పుట్టినది. 1992లో యుద్ధము వచ్చెను. 1993 జనవరిలో వాన్సు, ఓవెను అను మధ్యవర్తులు దేశమును పది మండలములుగా చూపు పటము తెచ్చిరి. వారు శాంతినే కోరిరి. కాని ఏ మండలము ఎవరి వంతో తెలియగానే, అంతకుముందే రాజుకొనిన క్రొయేట్ల, ముస్లిముల తగవు మరింత ముదిరెను. పటమునకు సరిపడునట్లు మనుష్యులను తరుముట యుద్ధములో ఒక పనియైపోయెను. సుమారు లక్షమంది చనిపోయిరి. ఇరువది లక్షలమందికి పైగా ఇండ్లు విడిచిరి.

1995లో అమెరికాలోని డేటన్‌లో కుదిరిన ఒడంబడిక దేశమును 51, 49 వంతులుగా పంచెను. ఏబది వేలవ వంతుకు తగ్గించిన పటములో మిల్లీమీటరు మందము గీత నేలమీద 50 మీటర్లు. ఒక ఇల్లు, దాని పెరడు అందులో ఇమిడిపోవును.

బర్చ్‌కో పట్టణము ఎవరిదో డేటన్‌లో తేలలేదు. 1999లో మధ్యవర్తులు అది ఇరుపక్షముల ఉమ్మడి సొత్తని తీర్చిరి. ఆ దాపుననే 1996లో అరిజోనా అను సంత వెలసెను. నిన్నటిదాక తుపాకులు పట్టిన మూడు జాతులవారును అక్కడ బేరములాడిరి. వర్తకులు దీనికి పొంగిపోనక్కరలేదు. దొంగసరుకును, స్త్రీల విక్రయమును ఆ సంతలోనే సాగినవి.

దేశాధ్యక్ష పీఠమున ముగ్గురు కూర్చుందురు: ఒక ముస్లిము, ఒక క్రొయేటు, ఒక సెర్బు. తక్కినవారు పోటీ చేయరాదు. సెయ్‌డిచ్ అను రోమా జాతీయుడు, ఫించి అను యూదుడు దీనిపై వ్యాజ్యము వేయగా, 2009లో యూరపు మానవహక్కుల న్యాయస్థానము ఇది అన్యాయమనెను. తీర్పు వచ్చి పదేండ్లు దాటినను నిబంధన మారలేదు. సరయేవో యూదులు 16వ శతాబ్దమునుండి ఆ ఊరిలో కొట్లు పెట్టుకొని బ్రతికినవారు.