శస్త్రము, వాక్కు, అహింస

తిరువళ్ళూరు వైద్య వీరరాఘవస్వామి క్షేత్రము. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండ. 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు చేరిన ఊరు. తిరువళ్ళూరున 2022 జనవరిలో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. ఆసుపత్రికి మంచమో, చక్రాల కుర్చీయో ఇచ్చుట వర్తక కుటుంబములకు పరిచితమైన ధర్మమే. కాని శస్త్రచికిత్స జరుగు గదిలో పనివారు ఒకరితో నొకరు ఎట్లు మాటలాడుకొందురో విచారించు దాతలు తక్కువ.

అడిగిన కత్తెర అందుట ఆలస్యమైనచో చేతిలోనిది విసరివేయుట, పదిమంది యెదుట నర్సును తిట్టుట, గది తుడుచువానిని త్రోయుట – ఇది ఏ యొక్క ఊరి దోషమును కాదు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చు సంస్థ ఇట్టి బెదిరింపు నడత వైద్యమున పొరపాట్లకు దారితీయునని 2008 జూలైలో హెచ్చరించినది.

దీనికి కొందరు చెప్పు సమాధానమొకటి కలదు: బల్లమీద ప్రాణమున్నది; ఆ కోపము రోగి మేలుకొరకే. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ఆపదలో ‘త్వరగా’ అని గట్టిగా కేకవేయుట హింస కాదు. కాని ఆపద తొలగిన పిదపను అవమానించుట ఎవరి మేలుకొరకు? పొరపాటు పై అధికారిదైనప్పుడు అదే నోరు మెత్తబడుచున్నదే! కావున ఆ కోపమునకు మూలము రోగి ప్రాణము కాదు, మానకషాయము.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో హింసకు చెప్పిన లక్షణమున ‘ప్రమాదము’ ముఖ్యమైనది. తెలుగు వాడుకలో ప్రమాదమనగా ఆపద; శాస్త్రమున ఏమరుపాటు, కషాయములకు లోబడిన స్థితి. ఆ విధముగా చూచినచో, మెలకువతో మేలుకోరి శరీరమును కోయు చేయి హింస చేయుట లేదు. అదే మనుష్యుడు అహంకారముతో అన్న మాట హింస. అట్టివాడు పరులకంటె ముందు తన ఆత్మనే హింసించుకొనునని అమృతచంద్రుడు పురుషార్థసిద్ధ్యుపాయమున తెలిపెను. భాషాసమితి మునులకు చెప్పిన నియమమే యైనను, శ్రావకునకును మార్గమే.

ఆ మాట చేయు కీడు తిట్టుతిన్నవానితో ఆగదు. ఇజ్రాయెలులో పసిబిడ్డల అత్యవసర వైద్యము చేయు 24 బృందములపై జరిపిన పరీక్ష 2015లో ప్రకటింపబడినది. పరుషవాక్కులు విన్న బృందములు రోగమును గుర్తించుటలోను, చికిత్సలోను వెనుకబడినవి. ఒకరి సాయము నొకరు అడుగుట తగ్గినది. నిన్న తిట్టుతిన్న నర్సు నేడు గుడ్డముక్కల లెక్క తప్పినదని చెప్పుటకు జంకినచో, ఆ మౌనమునకు మూల్యము మత్తులో నున్న రోగి చెల్లించును.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో వెలువరించిన శస్త్రచికిత్సా జాబితా ప్రకారము, కోతకు ముందు గదిలోని ప్రతివారును తమ పేరును పనిని చెప్పవలెను. ముగింపున నర్సు పనిముట్ల లెక్కను పైకి చెప్పవలెను. ఢిల్లీతో సహా 8 నగరముల ఆసుపత్రులలో ఈ జాబితా అమలైన పిదప మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినవి. పేర్లు చెప్పుటవలననే ఇంత జరిగినదనరాదు. కాని పేరు పెట్టి పలుకబడినవాడు నోరు విప్పుటకు సాహసించును.

ఈ న్యాయము అంగడికిని చెల్లును. తూకములో తప్పు చూచిన గుమాస్తా సేఠుకు జడిసి ఊరకున్నచో నష్టమెవరిది? అహింసాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో అతిభారారోపణ మొకటి. నిద్రలేని నర్సుపై ఇంకొక పనిపాళి మోపుటయు, కుఱ్ఱవానిచే రాత్రి పొద్దుపోవువరకు మూటలు మోయించుటయు ఆ కోవలోనివే.

కావున ఆసుపత్రికి దానమిచ్చు శ్రావకుడు మంచముతోపాటు ఒక ప్రశ్నను కూడ ఈయవచ్చును: “ఇక్కడ చిన్న ఉద్యోగి పెద్దవాని తప్పును భయములేక చెప్పగలడా?” అది అడుగుటకు ముందు తన అంగడిలో సమాధానము సిద్ధముగా నుండవలెను. పర్యూషణాంతమున బంధుమిత్రులకు ‘మిచ్ఛామి దుక్కడం’ చెప్పు నోరు, ఆ మాటను మొదట మూటలు మోయు కుఱ్ఱవానికి చెప్పినచో క్షమాపణకు బరువు కలుగును.