నైవేద్యపు ఆకు, పురుగు వంతు

గృహస్థుని ఇంట ఐదు వధస్థానములు కలవని మనుస్మృతి తృతీయాధ్యాయము చెప్పుచున్నది. పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ అనునవి ఆ ఐదు. వీని వాడుకలో సూక్ష్మప్రాణులు తెలియకయే నశించును. ఆ దోషము పోవుటకే పంచమహాయజ్ఞములు విధింపబడినవి. ఈ పట్టికలో పెరటి మడి లేదు. కాని పెరడు గల గృహస్థుడు దానిని ఆరవదిగా లెక్కించుకొనక తప్పదు. పొయ్యిలో చీమ తెలియక చచ్చును. మడిలోని పురుగును మనుష్యుడు చూచి, వెదకి, సంకల్పించి చంపును. తెలియక జరిగినదానికి చెప్పిన పరిహారము తెలిసి చేసినదానికి చాలునా? అందునను ఆ మడిలోని ఆకు భగవన్నివేదనకు ఉద్దేశింపబడినదైనచో ఏమనవలెను?

భద్రాచలమునుండి పర్ణశాలకు పోవు దారిలో, ఒక ప్రక్క గోదావరి, మరియొక ప్రక్క అడవిగా ఉన్నచోట, ఒక వైష్ణవ గృహము ననుకొందము. ఆ యింట పెరటిలో నాలుగు మూరల మడి. అందులో ఈ యేడు ఆవకూర వేసిరి. తెలుగువారి పోపులపెట్టెలో ఆవాలు లేని ఇల్లుండదు. ఆవ పెట్టిన కూర లేని విందును విందనరు. అయినను ఆవమొక్క ఆకును కూరగా వండుకొను అలవాటు మనకు తక్కువ. శబరినది పుట్టివచ్చు ఒడిశా దిక్కునను, పొరుగున నున్న ఛత్తీస్‌గఢ్ పల్లెలలోను ఇది చలికాలపు సామాన్యమైన కూర. ఏటి పాయవలెనే వంటయు ఎగువనుండి దిగువకు వచ్చినదని అనుకొనవచ్చును.

పెంచుట కష్టము కాదు. కార్తికమున చలి తగిలినపిదప విత్తవలెను. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద 75.6 అడుగుల వరకు పొంగి ఊళ్ళు ముంచిన గోదావరియే, వరద తీసినపిమ్మట ఒడ్డున ఒండ్రు విడిచిపోవును. ఆ ఒండ్రును, ఎర్రమన్నును, బాగుగా మాగిన పశువుల ఎరువును కలిపిన మడి దీనికి చాలును. గింజ మిక్కిలి చిన్నది గనుక సన్నని ఇసుకతో కలిపి చల్లి, అర అంగుళమునకు మించకుండ మన్ను కప్పవలెను. నాలుగైదు దినములలో మొలక కనిపించును. దగ్గరదగ్గరగా మొలిచినవానిని పలుచన చేయవలెను. ఆ తీసిన లేతమొక్కలే మొదటి కూర. నెలనాళ్ళకు ఆకు జానెడగును. మొక్కను పెరుకక అడుగు ఆకులు మాత్రము గిల్లుచుండినచో, నడిమి చిగురు మరల ఆకులనిచ్చును. కాడ సాగి మొగ్గ తొడిగినదా, ఇక ఆకు పీచెక్కి ఘాటు ముదురును. లేతదనమున్న ఆ కొద్దివారములే దాని కాలము.

ఇచట వైద్యశాస్త్రము నెరిగినవారు ఒక ఆక్షేపణ తేగలరు. చరకసంహిత సూత్రస్థానమున, ఆయాజాతులలో మిక్కిలి అహితమైనవానిని లెక్కించుచు, కూరలలో సర్షపశాకమును అట్టిదిగా చరకుడు పేర్కొనెను. అంతటి ఆచార్యుని మాటను త్రోసివేయరాదు. అయితే అది నిత్యాహారముగా కొనువానికి చెప్పిన హెచ్చరిక యని గ్రహించుట యుక్తము. లేత ఆకును కందిపప్పుతో ఉడికించి, వారమునకొకమారు, కొద్దిగా తినువారికి అది బాధకము కాబోదు. కడుపుమంట గలవారు మానుటయే మేలు. ఈ విషయమింతటితో చాలును. అసలు చిక్కు వేరొకటి యున్నది.

పుష్యమాసమున మడికి పురుగు వచ్చినది. ఆకు అడుగున పచ్చని పేనుబంక, ఆకుమీద జల్లెడవలె రంధ్రములు. కోడలు బూడిదచేటతోను, వేపకషాయపు చెంబుతోను మడివద్దకు రాగా అత్తగారు వారించినది.

"స్వామికి పెట్టే కూరకోసం ప్రాణాలు తీస్తావటే అమ్మాయీ?"

"తీయకపోతే స్వామికి పురుగు కొట్టిన ఆకు పెట్టాలి కదా అత్తయ్యా! అది వద్దంటే సంతలో కొనాలి. దానిమీద ఏ మందు ఎన్నిసార్లు కొట్టారో మనకు తెలుసునా?"

ఇద్దరి మాటయు ధర్మమే. కీటకములు కొరికిన పూవు అర్చనకు పనికిరాదను నియమము అత్తగారికిని తెలియును. నివేదింపని అన్నమును వైష్ణవుడు భుజింపడు. కాబట్టి కొరికిన ఆకు స్వామికి తగదన్నచో ఇంటివారికిని తగదు. దీనికి శబరి కథను అడ్డము తెచ్చువారు కలరు. ఆమె కొరికి రుచిచూచి ఫలములిచ్చెనను కథ లోకమున ప్రసిద్ధమే గాని, వాల్మీకి రామాయణమున ఆమె పంపాతీరమున సేకరించిన వన్యాహారమును సమర్పించిన మాటయే కలదు, ఎంగిలి ప్రస్తావన లేదు. పోకల దమ్మక్క భద్రగిరిపై స్వామిని కనుగొని అడవి తాటిపండ్లు నివేదించెనని స్థలపురాణము చెప్పును. ఆమె తెచ్చినదియు అడవి ఇచ్చినదే గాని పోరాడి పెంచినది కాదు. మడి కట్టి, కంచె వేసి, ఇది నాది అన్న మరుక్షణమున పురుగు దొంగయై పోవుచున్నది. అడవిలో అదే పురుగు అతిథియైనను కాదు, ఇంటివాడు.

విషము చల్లలేదు గనుక దోషము లేదనుట నేడు వాడుకైనది. సేంద్రియమనగానే అహింసయని భ్రమించుట సరికాదు. లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు పొడి చొప్పున రాత్రి నానబెట్టి వడగట్టిన కషాయము ఏమి చేయును? ఆకుమీద పురుగునకు రుచి లేకుండ చేయును. కుబుసము విడుచు క్రమమును చెరచును. అనగా ఆకలితో మెల్లగా చంపును. రసాయనము త్వరగా చంపును. చచ్చు పురుగునకు ఈ భేదముతో పనిలేదు. భేదమున్నది ఇతరుల విషయమున. మిరప, పత్తి చేలపై కొట్టు మందు కూలివాని ఊపిరిలోనికిని, వాగులోనికిని, కాడలు మేసిన ఆవు పాలలోనికిని పోగలదు. కషాయము కొలది దినములలో ఎండకు చెడిపోవును. కాబట్టి కోడలి చేతిలోని చెంబు నిర్దోషము కాదు, అల్పదోషము. ఈ రెంటికిని నడుమ నున్న దూరము చిన్నది కాదు. కంటికి కనిపించు రంధ్రమునకు సంకోచించి, కనిపించని విషమున్న నున్నని ఆకును సంతనుండి తెచ్చి స్వామి ముందుంచుట శుద్ధి యనిపించుకొనదు.

ఇంకొక మార్గమును మనువే చూపినాడు. భూతయజ్ఞమున బలి ఎవరెవరికి పెట్టవలెనో చెప్పుచు, కుక్కలను, పక్షులను పేర్కొని, వానితోపాటు క్రిములను గూడ చేర్చెను. అనగా ఇంటి అన్నమున పురుగునకు వంతు కలదని శాస్త్రమే ఒప్పుకొన్నది. అట్లైనచో మడిలో ఒక సాలు దానికి విడువరాదా? చేతితో ఏరిన పురుగులను ఆ సాలులో వదలుటకు అడ్డేమి?

క్యాబేజీ సాగుచేయువారు ఇట్టి పనియే చేయుదురు. ప్రతి 25 సాళ్ళకు ఆవసాళ్ళు వేయుదురు. పురుగు క్యాబేజీని విడిచి ఆవమొక్కను చేరును. ఆవాకు నలిగినప్పుడు పుట్టు ఘాటు పలు కీటకములను తరుముటకు ఆ మొక్క ధరించిన ఆయుధము. కొన్ని జాతుల పురుగులకు మాత్రము ఆ ఘాటే పిలుపు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని పురుగు అటు చేరినపిదప ఆ ఆవసాలుపై మందు కొట్టుదురు. ఆకలిగొన్నవానిని పిలిచి విస్తరి వేసి అందులో విషము పెట్టుటకును దీనికిని భేదమేమి? పొట్టకూటికై పైరు వేసి, అప్పు తీర్చవలసిన రైతును ఈ మాటతో నిందించుట తగదు. అతని కష్టము వేరు. నాలుగు మూరల మడి గల ఇంటికి మాత్రము ఆ మన్నింపు లేదు. సాలు చూచుటకు రెండుచోట్లను ఒకటే. ఒకచోట అది బలి, ఒకచోట ఎర.

ఆ యింట చివరకు జరిగినది స్వల్పము. అత్తగారు వేకువనే స్నానమాడి, మసకచూపుతోనే ఆకులు త్రిప్పి పురుగులను ఏరి గోడవారనున్న కడపటి సాలులో విడిచినది. పేనుబంకపై కోడలు ముందుగా నీళ్ళు చిమ్మినది. లొంగనిచోట బూడిద చల్లినది. కషాయపు చెంబు రెండుమార్లు మాత్రము వాడబడినది, అత్తగారు చూడనట్లు ఊరకున్నది. కొరికిన ఆకులు ఆవుకు పోయినవి. మిగిలినవి ఏరి, ఉప్పునీట కడిగి, పప్పులో వేసి, తులసీదళముంచి నివేదించిరి. కూర కొంచెమే, నలుగురికి తలకొక గరిటె చొప్పున వచ్చినది.

మాఘమున గోడవారనున్న సాలు ఈనెలు మాత్రమే మిగిలియు పచ్చని పూవులు పూసినది. కాయలు ఎండినపిదప కోడలు గింజలు దులిపి, కొన్ని పోపులపెట్టెలో పోసి, గుప్పెడు గింజలు మూటగట్టి కార్తికమునకు ఉట్టిమీద దాచినది.