‘చాలు’ అనే మాట



విందు పంక్తిలో కూర్చున్న మనిషిని గమనించండి. ఆకలిగా ఉన్నంతసేపు మారు వడ్డించమంటాడు. కడుపు నిండగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు, చాలు’ అంటాడు. ఎంత బతిమాలినా మరో ముద్ద దిగదు. అదే మనిషి పొలం గట్టు దగ్గర గాని, బ్యాంకు పుస్తకం ముందు గాని, నగల దుకాణంలో గాని చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు’ అనడం మీరు ఎప్పుడైనా విన్నారా?

ఈ తేడాను 13వ శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు గారు చక్కగా విడదీసి చూపారు. అన్నం, బట్ట, ఇల్లు ప్రకృతి అడిగే సంపదలు. ప్రకృతి ఒక కొలత ప్రకారమే అడుగుతుంది కాబట్టి వాటి మీది కోరికకు హద్దు ఉంది. డబ్బు మనిషి కల్పించుకున్న సంపద. దానికి ప్రకృతి ఏ కొలతా పెట్టలేదు. అందువల్ల దాని మీది ఆశకు అంతు ఉండదు. కడుపు నిండినట్టు తెలుస్తుంది గాని పెట్టె నిండినట్టు ఎవరికీ తెలియదు.

శ్రీసభ లోభాన్ని మూలపాపాలలో చేర్చింది. అది ఒంటరిగా ఉండదు, పిల్లల్ని కంటుంది. 6వ శతాబ్దంలో పునీత గ్రెగోరి పోపుగారు ఆ సంతానాన్ని ఏడుగా లెక్కించారు: నమ్మకద్రోహం, మోసం, అబద్ధం, అబద్ధపు ప్రమాణం, మనశ్శాంతి లేకపోవడం, దౌర్జన్యం, కనికరం చచ్చిపోయిన గుండె. ఈ ఏడింటిలో ఒక్కటైనా కనిపించని ఆస్తి తగాదా మీ ఊళ్లో ఉందేమో ఆలోచించండి.

ఆస్తి తగాదాతోనే ప్రభువు మనకు లోభం గురించి పాఠం చెప్పారు. లూకా సువార్త 12వ అధ్యాయం తెరవండి. జనసమూహంలో నుంచి ఒకడు లేచి, తండ్రి ఆస్తిలో తన వాటా పంచి ఇమ్మని తన సహోదరునికి చెప్పవలసిందిగా యేసును కోరాడు. ఇక్కడ ఒక సంగతి మనం తరచుగా దాటవేస్తాం. ఆ మనిషి అడిగింది అన్యాయమని ప్రభువు అనలేదు. బహుశా అతని వాటా అతనికి రావలసిందే. అయినా ప్రభువు పంపకాల పెద్దగా కూర్చోవడానికి ఒప్పుకోలేదు. ఎటువంటి లోభానికీ చిక్కకుండా జాగ్రత్తపడమని అందరినీ హెచ్చరించారు. అంటే న్యాయమైన హక్కు వెనుక కూడా లోభం దాగి ఉండగలదన్నమాట. కోర్టులో గెలిచినవాడు సైతం దేవుని ఎదుట ఓడిపోవచ్చు.

తరువాత ప్రభువు ధనవంతుని కథ చెప్పారు. వాడు దొంగ కాడు, వడ్డీల వ్యాపారి కాడు. భూమి బాగా పండింది, అంతే. మరి తప్పు ఎక్కడుంది? వాడు తనతో తానే మాట్లాడుకున్నాడు. నా పంట, నా గాదెలు, నా ప్రాణం అనుకున్నాడు. కోత కోసిన కూలీలు ఆ లెక్కలో లేరు, పొరుగువాడు లేడు, వాన కురిపించిన దేవుడూ లేడు. పాత గాదెలు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న ఆ రాత్రే పిలుపు వచ్చింది. 4వ శతాబ్దంలో ఈ కథ మీద ప్రసంగించిన పునీత బాసిలు గారు, మనం దాచి ఉంచిన రొట్టె ఆకలిగొన్నవానిదేనని తన ప్రజలకు సూటిగా చెప్పారు.

ఇదంతా షావుకార్ల సంగతి, మనకెందుకు అనుకోకండి. 2025లో దివంగతులైన పోపు ఫ్రాన్సిస్ గారు 2024 జనవరి 24న, బుధవారపు ఉపదేశంలో, లోభం జేబుకు పట్టిన జబ్బు కాదు, గుండెకు పట్టిన జబ్బు అనే అర్థంతో బోధించారు. గొప్ప ఆస్తులు వదిలి వచ్చిన ఎడారి సన్యాసులు కొందరు తమ గదిలోని చిన్న వస్తువును వదలలేకపోయేవారని గుర్తు చేశారు. ఎకరం మీద ఉండే లోభమే గట్టు మీది చెట్టు మీద కూడా ఉంటుంది.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. తండ్రి చనిపోతాడు. నెల తిరగకముందే అన్నదమ్ములు కాగితాలు తయారుచేసి, ఆడపడుచును కబురంపి పిలిపిస్తారు. ‘అమ్మా, నీకు పెళ్లప్పుడే ఇచ్చాం కదా, ఇక్కడ సంతకం పెట్టు’ అంటారు. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందేమోనని ఆమె సంతకం పెడుతుంది. ఏడుపు అత్తగారింటికి వెళ్లాక ఏడుస్తుంది.

విశ్వాసులారా, ఈ విషయంలో చట్టం ఏమంటుందో తెలుసుకోండి. క్రైస్తవుడు వీలునామా రాయకుండా చనిపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం భార్యాపిల్లలు ఉన్నప్పుడు భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానంగా చెందుతాయి. కొడుకని ఎక్కువ లేదు, కూతురని తక్కువ లేదు. కేరళలో తిరువాన్కూరు క్రైస్తవుల పాత చట్టం కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు గాని అయిదు వేల రూపాయలు గాని, ఏది తక్కువైతే అది ఇమ్మనేది. మేరీ రాయ్ అనే క్రైస్తవ మహిళ పోరాడితే 1986లో సుప్రీంకోర్టు అక్కడ కూడా 1925 చట్టమే చెల్లుతుందని తీర్పు చెప్పింది. చట్టం ఒప్పుకున్న వాటాను తోబుట్టువు ఒప్పుకోకపోతే, ఆ ఇంటి గోడ మీది తిరుహృదయ పటం ముందు వెలిగే దీపం ఎవరి కోసం?

కాబట్టి సంతృప్తి అనే మాటను జాగ్రత్తగా వాడాలి. వాటా పోగొట్టుకున్న చెల్లెలికి, కూలి ఎగ్గొట్టబడిన పనివాడికి ‘ఉన్నదానితో తృప్తిపడండి’ అని చెప్పడం సువార్త కాదు. నాబోతు తన ద్రాక్షతోటను ఇవ్వనన్నాడు. అది అతని లోభం కాదు, పితరుల నుంచి వచ్చిన భూమి మీద అతని హక్కు. లోభం రాజభవనం నిండా ఉండి కూడా ఆ తోట కోసం అన్నం మానేసి పడుకున్న అహాబుది. సంతృప్తి పాఠం ముందుగా నేర్చుకోవలసింది ఎక్కువ ఉన్నవాడు.

ఆ పాఠం ఎలా నేర్చుకోవాలి? పునీత పౌలు ఫిలిప్పీయులకు లేఖ వ్రాసినప్పుడు సంకెళ్లలో ఉన్నారు. కలిమిలోను లేమిలోను తృప్తిగా ఉండడం తాను నేర్చుకున్నానని అందులో చెప్పారు. ‘నేర్చుకున్నాను’ అన్నారు గాని అది పుట్టుకతో వచ్చిందనలేదు. నేర్చుకున్నది గనుక మనమూ నేర్చుకోవచ్చు. మూడు చిన్న అభ్యాసాలు చెబుతాను.

మొదటిది, కొలత. ఎడారిలో ఇశ్రాయేలు ప్రజలకు దేవుడు మన్నాను ఏ రోజుకు ఆ రోజు ఇచ్చాడు. తెల్లవారే దాకా దాచుకున్నది పురుగు పట్టింది. పరలోక జపంలో మనం అడిగేది కూడా నేటి ఆహారమే. పిల్లల చదువుకు, ముసలితనానికి దాచుకోవడం వివేకం, అది తప్పు కాదు. అయితే భార్యాభర్తలు కలిసి కూర్చుని ‘మనకు ఇంత చాలు’ అని ఒక గీత గీసుకోండి. గీత లేనిచోట పొరుగింటి మేడే మన కొలత అవుతుంది. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అనలేదు.

రెండవది, కృతజ్ఞత. రాత్రి జపమాల ముగిశాక ఇంట్లో ఒక్కొక్కరు ఆ రోజు అందుకున్న ఒక మేలును పేరుపెట్టి చెప్పండి. పిల్లలతో కూడా చెప్పించండి. ఉన్నవాటిని లెక్కపెట్టే నోటికి లేనివాటిని ఏకరువు పెట్టే అలవాటు మెల్లగా తగ్గుతుంది.

మూడవది, తిరిగి ఇవ్వడం. ఇదే కష్టమైనది. జక్కయ కన్నీళ్లతో సరిపెట్టలేదు. ఆస్తిలో సగం పేదలకు ఇస్తానని, మోసం చేసినవారికి నాలుగంతలు చెల్లిస్తానని నిలబడి చెప్పాడు. రక్షణ ఆ ఇంటికి వచ్చిందని ప్రభువు ప్రకటించింది అప్పుడే. అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇవ్వాలని శ్రీసభ సత్యోపదేశం కూడా బోధిస్తోంది. పాపసంకీర్తనంలో గురువు క్షమాపణ పలుకుతారు. గట్టు జరిపిన గజం భూమిని మాత్రం మీరే వెనక్కి జరపాలి.

దివ్యబలిపూజలో శాంతిని తెలుపుకునే సమయం వస్తుంది. ఒకే తల్లి పాలు తాగినవారు గుడికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడి, ముక్కు మొహం తెలియనివారికి నమస్కారం పెడుతుంటారు. తరువాత ఇద్దరూ ఒకే దివ్యసత్ప్రసాదం అందుకుంటారు. మీ ఇంట్లో అలాంటి కాగితం ఏదైనా ఉంటే వచ్చే ఆదివారం లోపల దాన్ని బయటికి తీయండి. చెల్లెలి ఇంటికి మీరే వెళ్లండి. ఆమె ఎంత వద్దన్నా ఆమె వాటా సంగతి మీరే ఎత్తండి.

తనవన్నీ మన కోసం ధారపోసిన ప్రభువు, ‘చాలు’ అని చెప్పగల హృదయాన్ని మీ కుటుంబాలకు దయచేయునుగాక. ఆమెన్.