పదిమందిలో నోరు తెరచుట

(ధ్యానమునకు చదువవలసిన భాగము: నిర్గమకాండము 4:10–17, 27–31)



మన కొండలలో ఒక వింత కలదు. తల్లి యొకతె ఈ గట్టుమీద నిలువబడి, లోయకావల కాఫీ తోటలో నున్న కుమారుని పిలిచినయెడల ఆ పిలుపు ఊరంతయు వినును. పాడేరు సంతలో పసుపు తూకము తక్కువ వేసిన వర్తకునితో ఆమె వాదమునకు దిగినయెడల త్రాసు సరియగువరకు వెనుదీయదు. అదే తల్లిని ఆదివారమునాడు ముప్పదిమంది కూర్చున్న రేకుల మందిరములో, "చిన్న ప్రార్థన చేయండమ్మా" అని అడిగి చూడుడు. చీర చెంగు నోటికి అడ్డము పెట్టుకొనును. ప్రక్కనున్నామెను మోచేతితో పొడిచి, నువ్వు చెయ్యి అనును. ఆ ప్రక్కామెయు తల వంచుకొనును. తుదకు ప్రార్థన అయ్యగారే చేయును.

ఆమెకు గొంతు లేక కాదు. పదిమంది కన్నులు ఒక్కసారి తనమీద నిలుచునప్పుడు పుట్టు భయమది.

మేమును ఆ భయమును ఎరుగుదుము. ప్రసంగమునకు ఉపోద్ఘాతము, మూడు భాగములు, అన్వయము ఉండవలెనని సెమినరీలో మాకు నేర్పిరి గాని, మోకాళ్లు వణకినప్పుడు ఏమి చేయవలెనో ఎవరును నేర్పలేదు. మేము ఈ కొండలలో మొదటిసారి ప్రసంగించిన దినమున, కాగితము వణకుట జనులకు కనబడకుండ దానిని బల్లకు అదిమి పట్టుకొంటిమి. రెండవ భాగమును మొదట చెప్పితిమి, మూడవది మరచితిమి. అరగంటకు సిద్ధపరచినది పండ్రెండు నిమిషములలో ముగిసెను. బయటికి వచ్చినప్పుడు ఒక ముసలి పెద్ద మా చేయి పట్టుకొని, "అయ్యగారూ, ఈ ఆదివారం పెందలాడే వదిలేసినారు, మంచిపని చేసినారు" అనెను. ఆయన ఎగతాళికి అనెనో, నిజముగానే సంతోషించెనో మాకు నేటికిని తెలియదు.

అడవిదారిలో ఎలుగుబంటి ఎదురైనప్పుడు మనకేమగునో ఆలోచించుడి. గుండె దడదడలాడును, నోరు ఎండును, చేతులు వణకును. పారిపోవుటకో ఎదిరించుటకో దేహము తన బలమును కాళ్లకు చేతులకు పంపుకొనుచున్నదన్నమాట. పదిమంది యెదుట నిలిచినప్పుడును దేహము అదే పని చేయును. ఎదుట కూర్చున్నవారు ఎలుగుబంట్లు కారని దానికి తెలియదు. కాబట్టి గుండె కొట్టుకొనుట అవిశ్వాసమునకు గురుతు కాదు. వణకువానిలో పరిశుద్ధాత్మ లేడని చెప్పు బోధకులు కొందరున్నారు. వారు కొరింథులో తాను భయపడి వణకితినని పౌలే వ్రాసికొన్న సంగతి మరచిరి (1 కొరింథీ 2:3). గాంధీగారు న్యాయవాదిగా బొంబాయి న్యాయస్థానములో మొదటి వ్యాజ్యమునకు లేచినప్పుడు తల తిరిగి, ఒక్క ప్రశ్నయు అడుగలేక కూర్చుండిపోయెను. తీసికొన్న 30 రూపాయలు తిరిగి ఇచ్చివేసెను.

ఇక మోషే సంగతి. పొద యెదుట నిలిచి, తన నాలుక సరిగా తిరుగదని అతడు విన్నవించుకొనెను. నోరు చేసినవాడు నేనుకానా అని దేవుడు అడిగిన తరువాత కూడ, మరి యెవరినైన పంపుమని బ్రతిమాలెను. దేవునికి కోపము వచ్చినదని వాక్యము దాచక చెప్పుచున్నది. అయినను ఆ కోపములో ఆయన ఏమి చేసెనో చూడుడి. మోషే నాలుకను బాగుచేసినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. అతనికొక తోడును చూపెను. అన్నయైన అహరోను అప్పటికే బయలుదేరి ఎదురు వచ్చుచుండెను! మోషే తన సాకులు చెప్పుకొనుచుండగనే సహాయము దారిలో నున్నది. ఐగుప్తులో పెద్దలు కూడిన మొదటి సభలో మాటలన్నియు అహరోనే పలికెను. మోషే ప్రక్కన నిలిచెను. ఆ నోరు తిరుగనివాడే ముసలితనమున యొర్దాను ఇవతల నిలిచి జనులతో పలికిన మాటలు ద్వితీయోపదేశకాండమంత గ్రంథమైనవి. కాని అది నలువది సంవత్సరముల తరువాతి మాట. మొదటి దినమున అతనికి కావలసినది వాక్చాతుర్యము కాదు, ప్రక్కన ఒక మనిషి.

ఇది వ్రాయుచుండగా మా మనస్సు మమ్మును గద్దించుచున్నది. కొన్ని సంవత్సరముల క్రితము కోతపండుగనాడు ఒక సహోదరి సాక్ష్యము చెప్పుటకు లేచెను. ఆమె ఇంటిలో మాటలాడునది ఆదివాసీ ఒరియా. ఆ భాషలో మగవానికి వేరు, ఆడుదానికి వేరు క్రియ లేదు. కాబట్టి ఆమె, "యేసయ్య నన్ను చూసింది" అనెను. పిల్లలు నవ్విరి. మేము కూర్చున్న చోటనుండియే, "చూసింది కాదమ్మా, చూశాడు" అని దిద్దితిమి. నిజము చెప్పవలెనన్న, మేమును నవ్వితిమి. ఆమె మిగిలినది చెప్పక కూర్చుండెను. ఆ తరువాత రెండు సంవత్సరములు ఆమె నోట ప్రార్థన గాని సాక్ష్యము గాని మేము వినలేదు. సిగ్గరి మనిషి అనుకొంటిమి.

మేము చేసిన పని ఎంతటిదో గ్రామసభలో తెలిసినది. 2006 అటవీ హక్కుల చట్టము ప్రకారము, 2005 డిసెంబరు 13కు ముందునుండి అడవి భూమిని సాగుచేసికొనుచున్న గిరిజనులు ఆ భూమిమీద హక్కు కోరవచ్చును. ఆ కోరిక మొదట గ్రామసభ యెదుటికి రావలెను. ఊరి పెద్దలు నోటితో చెప్పి వ్రాయించిన మాట కూడ సాక్ష్యముగా చెల్లునని 2008లో చేసిన నియమములలో ఉన్నది. ఆ సహోదరి విధవరాలు. భర్త మిగిల్చినది ఒక వాలు, దానిమీద కాఫీ మొక్కలు, చెట్లకు ప్రాకిన మిరియపు తీగలు. హద్దులు చెప్పుమని అడుగగా ఆమె లేచెను. పెదవులు కదలెను, మాట రాలేదు. వెనుక నిలిచియున్న మా ముఖము చూచెను. తల వంచుకొని కూర్చుండెను. ఆమె కాగితము తరువాతి సభకు వాయిదా పడెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అజరయ్యగారు జ్ఞాపకమునకు వచ్చిరి. ఆయన తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. దోర్నకల్లుకు వచ్చి పెద్దతనమున తెలుగు నేర్చినవాడు. 1910లో ఎడింబరోలో దొరల మహాసభ యెదుట నిలిచి, మాకు మీ స్నేహము కావలెనని అడిగి కొందరికి కోపము తెప్పించినవాడు; 1912లో దోర్నకల్లు బిషప్పయిన వాడు. పల్లెలలో బాప్తిస్మము పొందినవారిచేత ఆయన ఒక పని చేయించెడివాడు. ఒక్కొక్కరు తమ చేయి తమ తలమీద పెట్టుకొని, సువార్త చెప్పనియెడల తమకు శ్రమయని ఒప్పుకొనవలెను. వారిలో అనేకులు చదువు లేని మాలమాదిగలు, రచ్చబండ దగ్గర నోరు మెదపనీయబడనివారు. వారికి ఆయన పెద్ద ప్రసంగము నేర్పలేదు. అందరు కలిసి పలుకగల ఒక్క వాక్యమిచ్చెను.

మరుసటి ఆదివారము మేము సంఘము యెదుట ఆ సహోదరిని క్షమాపణ కోరితిమి. ప్రార్థన ఏ భాషలోనైన చేయవచ్చుననియు, ఎవరి మాటనైనను నడుమ దిద్దువారు ఇక మీదట మందిరము ఊడ్వవలెననియు నిర్ణయించితిమి. (మొదట ఊడ్చినది మేమే, అలవాటు అంత త్వరగా పోదు.) థింసా ఆడునప్పుడు మన స్త్రీలకు భయమున్నదా? ఒకరి వెనుకగా ఒకరు చేతులు పెనవేసికొందురు గనుక లేదు. అట్లే స్త్రీల కూటములో వాక్యమును మొదట అందరు కలిసి, తరువాత ఇద్దరిద్దరుగా, తరువాత ఒక్కరు, ప్రక్కన తోడు నిలిచియుండగా, చెప్పుట మొదలుపెట్టితిమి.

కొన్ని చిన్న సంగతులు కూడ అనుభవమున తెలిసినవి. మొదటి వాక్యము మాత్రము కంఠస్థము చేయుడి. అంతయు కంఠస్థము చేసినవాడు ఒక మాట జారిన దారి తప్పును. లేవకముందు ఊపిరి పీల్చి, మిక్కిలి నెమ్మదిగా విడువుడి. ఒక్క దయగల ముఖమును చూచి మాటలాడుడి. దారిన పోవుచు, మేకలు కాచుచు పైకి చెప్పి చూడుడి, మేకలు నవ్వవు. మొదటి ఒకటి రెండు నిమిషములే కఠినము, తరువాత గుండె తనంతట తానే నెమ్మదించును. మీలోని వణకులో సగమైనను వినువారికి కనబడదు. ఇక వినువారలారా, ఒకరు తడబడునప్పుడు గడియారము చూడకుడి, ప్రక్కవానితో గుసగుసలాడకుడి. తడబడువానికి ఆ క్షణమున అహరోను మీరే.

తరువాతి గ్రామసభకు ఆ సహోదరి ఒంటరిగా రాలేదు. పొరుగింటి ముసలమ్మ ఆమె చేయి పట్టుకొని నిలిచెను. ఇటు గెడ్డ, అటు పనసచెట్టు, పైన నల్లబండ అని ఆమె తన భాషలో హద్దులు చెప్పుచుండగా ముసలమ్మ తెలుగులో చెప్పెను. ఆ వాలును వారు ఎప్పటినుండి దున్నుచుండిరో ముసలమ్మయే సాక్ష్యము పలికెను. అప్పుడొకరు, ఆ మిరియపు తీగలు ఎవరు నాటిరని అడిగిరి. ఆమె ముసలమ్మ చేయి విడిచి, తెలుగులో తానే చెప్పెను.

"మా ఆయన నాటింది."

ఎవరును నవ్వలేదు. కార్యదర్శి వ్రాసికొనెను.