కొల్లేటి ఒడ్డున విశ్రాంతి

(ధ్యానమునకు: మార్కు 6:30–44, యెషయా 5:8)



చలికాలములో పిల్లలను వెంటబెట్టుకొని కొల్లేరు చూచివచ్చుట మన ప్రాంతమున అనేకులకు వేడుక. కైకలూరు చెంత ఆటపాకలో పడవ యెక్కి, ఇనుప మంచెలమీద గూళ్లు కట్టుకొనిన గూడబాతులను చూచి, ఒడ్డున అన్నపు మూటలు విప్పుకొందుము. ఇట్టి సరదా విశ్వాసికి తగునా అని కొందరు పెద్దలు అడుగుదురు. తగును. తినుటకైనను తీరికలేని శిష్యులను విశ్రాంతికి పిలిచినవాడు ప్రభువే. వారు వెళ్లినదియు పడవమీదనే.

అయితే వారు దిగిన ఒడ్డున జనసమూహము వేచియుండెను. మా విశ్రాంతికి అడ్డమని ప్రభువు వారిని పంపివేయలేదు, కనికరపడెను. కొల్లేటి ఒడ్డునను జనులున్నారు. పడవలో కూర్చున్న మనకు పక్షులు కనబడునంత సులువుగా వారు కనబడరు.

ఈ సరస్సు కృష్ణా గోదావరి డెల్టాల నడిమి పల్లము. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరదను తన కడుపులో దాచుకొని, ఉప్పుటేరు గుండ మెల్లగా సముద్రమునకు విడుచును. ఆ పల్లములో మనుష్యులు చేపల చెరువులు త్రవ్వి గట్లు వేసిరి. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమాయెను; 2002లో రామ్‌సర్ జాబితాలో చేరెను; 2006లో ప్రభుత్వము గట్లను కొట్టించెను. గట్లు మరల లేచినవి. కొట్టించిననాడు లంక గ్రామముల బీదలు కూడు పోగొట్టుకొనిరి. లేచిననాడు లాభము ఎక్కువగా కౌలుకు పట్టిన పెద్దలదాయెను. ఈ మాట కటువుగా నుండవచ్చును గాని, ఆ ఊళ్లవారెవరిని అడిగినను ఇదే చెప్పుదురు.

ఇంటికి ఇల్లు, పొలమునకు పొలము కలుపుకొని ఇతరులకు చోటు లేకుండ చేయువారికి యెషయా శ్రమ ప్రకటించెను. గట్టుకు గట్టు కలుపువారి సంగతి యేమి? ఆ కౌలు సొమ్ములోనుండి కొంత మన కానుకపెట్టెలోను పడుచున్నయెడల, సంఘపెద్దలు దానిని గూర్చి మాటలాడవలదా? 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లకు గండ్లు పడి, విజయవాడ సింగ్‌నగర్ ఇండ్లు దినముల తరబడి నీట నుండెను. ఆ గండ్ల కారణములు వేరు కావచ్చును. ఏటి దారి ఇరుకైనప్పుడు నీరు ఎవరి గడప త్రొక్కునో మాత్రము మనమందరము చూచితిమి.

ఈ సంక్రాంతికి కొల్లేరు వెళ్లువారు పడవ దిగగానే బండి యెక్కకుడి. ఒక లంక గ్రామములో ఆగి, వరదనాడు నీరు ఎంతవరకు వచ్చెనో, గట్టు ఎవరిదో, వల ఎవరిదో అడుగుడి. వారు చెప్పినది తిరిగివచ్చి ఆదివారము సంఘములో చెప్పుడి.